పాత ఫియట్ కొంటారా? రంగు కాదు, రేకు చూడండి

ముంబైలో పుట్టి పెరిగిన తెలుగువాడికి కారు అంటే మొదట గుర్తొచ్చేది ఫియటే. నల్ల ఒళ్లు, పసుపు టాపు. వర్లి బీడీడీ చాళ్ల నుంచి, కామాటిపుర గల్లీల నుంచి ఊరికి బయల్దేరితే దేవగిరి ఎక్స్‌ప్రెస్ అందుకోవడానికి ఆ ట్యాక్సీ క్యారియర్ మీదే ట్రంకు పెట్టెలు, మూటలు ఎక్కేవి. సొంతం కాకపోయినా అది మనింటి బండిలాగే ఉండేది. ఆ కాలీపీలీ పద్మినిల్లో చివరిది 2003 అక్టోబర్ 29న తాడ్‌దేవ్ ఆర్టీవోలో రిజిస్టరైంది. ట్యాక్సీకి 20 ఏళ్లే ఆయుష్షు అన్న నిబంధనతో 2023 అక్టోబర్ 30 నుంచి అదీ రోడ్డు దిగిపోయింది.

కనబడకుండా పోయాకే దాని మీద మోజు పెరిగింది. తాత మిల్లులో మగ్గం నడిపాడు, తండ్రి బస్సు పాస్‌తో బతుకు వెళ్లదీశాడు. ఇప్పుడు మనుమడికి నాలుగు డబ్బులు కనబడుతున్నాయి. కొత్త కారుకు నెలనెలా కిస్తీలు కట్టడం కన్నా పాత ఫియట్ ఒకటి కొని బాగు చేసుకుంటే పోలా అని ఆలోచిస్తున్నాడు. ఇంట్లో పెద్దలేమో ‘పాత సామానోడికి వెయ్యాల్సిన దాన్ని నెత్తికెత్తుకుంటావా?’ అంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా మటుకు నేను కొనొచ్చనే అంటాను. కాకపోతే మంచి రేకు, సరైన కాగితం, తెలిసిన మేస్త్రీ ఈ మూడూ కుదిరితేనే కొనాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది కారు కాదు, ఇంటికి తెచ్చుకున్న అప్పు.

బాడీయే ప్రాణం

పద్మిని మన ముంబై బిడ్డే. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ కుర్లా ఫ్యాక్టరీలో దీన్ని తయారు చేసింది. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చిన బండే 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. చిత్తోడ్ రాణి పద్మిని పేరు అది. 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్, స్టీరింగ్ కిందే గేర్ కడ్డీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. కంప్యూటర్లు, సెన్సర్లు లేవు. పానాలు పట్టడం వచ్చినవాడు నేర్చుకోగలిగిన యంత్రం ఇది. మొదటి పాత కారుగా దీన్నే చూడమనడానికి కారణం అదే.

చాలామంది బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు విని మురిసిపోతారు. ఇంజిన్‌కు ఏమైనా విప్పి బోరు చేయించొచ్చు, పిస్టన్లు మార్చొచ్చు. అసలు చూడాల్సింది రేకు. లారీకి ఉన్నట్టు ఈ బండికి కింద వేరే ఛాసిస్ ఉండదు. బాడీయే మొత్తం బరువు మోస్తుంది. డోర్ల కింది పట్టీ, కాళ్ల కింది ఫ్లోరు, చక్రాల పైన ఉండే గుండ్రటి రేకు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట... ఇవి తుప్పు పడితే బండి నడుమే విరిగినట్టు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుపోండి. రంగు మెరుస్తున్నా అయస్కాంతం అంటుకోలేదంటే కింద రేకు లేదు, పుట్టీ ఉంది. మ్యాట్లు ఎత్తి చూడండి. అమ్మేవాడు మ్యాట్ ఎత్తనివ్వకపోతే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మనకు ఇక్కడో సౌకర్యం ఉంది. వర్లి సముద్రం గాలికి ఉప్పు పట్టిన బండి కన్నా కరీంనగర్, నిజామాబాద్ వైపు నీడ పట్టున ఉన్న బండి రేకు సామాన్యంగా గట్టిగా ఉంటుంది. ఊరికి పోయినప్పుడు పెళ్లిళ్ల పలకరింపుల మధ్య ఈ వాకబు కూడా చేయొచ్చు. పాత ట్యాక్సీని మాత్రం, ఎంత చవకగా వచ్చినా, మొదటి బండిగా తీసుకోవద్దు. పగలూ రాత్రీ తిరిగిన ఒళ్లు అది. చాలావాటికి సీఎన్‌జీ సిలిండర్ బరువు డిక్కీ మోసింది, ఆ వేడికి వాల్వులు అరిగాయి. పైగా కాగితాల్లో అది కమర్షియల్ బండి.

కాగితం లేని కారు

ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీదివాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఆర్‌సీలో పేరున్న మనిషి బతికున్నాడా, సంతకం పెట్టడానికి వస్తాడా అడగండి. చాలా పాత బండ్లు మూడు చేతులు మారినా పేరు మాత్రం మొదటి ఓనరుదే ఉంటుంది. తెలంగాణ నుంచి తెస్తే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, రోడ్డు ట్యాక్సు ఉంటాయి. ఇన్సూరెన్స్, పీయూసీ, హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు తప్పవు. ఇవన్నీ లెక్కేశాకే బేరం మొదలుపెట్టండి.

ఇక్కడ సర్కారుకూ ఒక మాట చెప్పాలి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. 50 ఏళ్లు దాటితే 2021 నిబంధనల ప్రకారం ‘వీఏ’ సిరీస్‌తో వింటేజ్ గుర్తింపు ఉంది. దానికి రూ.20,000 ఫీజు. అయితే ఆ బండిని రోజూ తిప్పకూడదు. మరి 1985 పద్మిని సంగతేంటి? వింటేజ్ కాదు, కొత్తదీ కాదు. నెలకు నాలుగుసార్లు బయటికొచ్చే ఆ బండినీ, రోజూ పొగ కక్కుతూ తిరిగే బండినీ ఒకే గాటన కట్టారు. పొగ వద్దనడం న్యాయమే. రోడ్డు పక్క చాళ్లలో ఆ పొగ పీల్చి పెరిగినోళ్లం మనమే. కానీ పీయూసీ పాసై, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే తిప్పుతానని రాసిచ్చే పాత బండికి తక్కువ ఫీజుతో వేరే తరగతి పెడితే నష్టమేంటి? మీటరు రీడింగ్ ఏటా చూస్తే సరిపోతుంది.

సాకడం తెలియాలి

కొనడం ఒక రోజు పని, సాకడం రోజూ పని. వారానికోసారి బండి తీసి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి. నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ, సైలెన్సర్‌లో నీళ్లు నిలిచి లోపల్నుంచి తింటాయి. వానాకాలంలో ప్లాస్టిక్ తాడిపత్రి కప్పొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాలాడే గుడ్డ కవరు వాడండి. తడిసిన మ్యాట్లు అదే రోజు తీసి ఎండబెట్టండి. వానలకు ముందు బండి అడుగు కడిగించి పూత వేయించండి. డ్రమ్ బ్రేకులు విప్పి శుభ్రం చేయించండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పద్మిని పుట్టిన రోజుల్లో ఆ ఊసే లేదు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. కారిన పెట్రోల్ వేడి ఇంజిన్ మీద పడితే మంటే. అందుకే కొన్న వారంలోనే గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. ట్యాంకు నింపి నెలల తరబడి ఉంచొద్దు.

సామాన్ల కోసం కుర్లా సీఎస్‌టీ రోడ్డు, కామాటిపురకు నడిచిపోయేంత దూరంలో ఉన్న చోర్ బజార్ ఉన్నాయి. సామాన్లకన్నా అరుదైంది మేస్త్రీ. ప్లాటినం పాయింట్ గ్యాప్ సరిచేసి, చెవితో విని కార్బురేటర్ ట్యూన్ చేసే చేతులు ముసలివైపోతున్నాయి. కొత్త కుర్రాళ్లు స్కానర్ తగిలించడం నేర్చుకుంటున్నారు, వాళ్ల తప్పేం లేదు. కాబట్టి మేస్త్రీని ముందు వెతుక్కొని, ఆయన్ని వెంటబెట్టుకొని బండి చూడటానికి వెళ్లండి. పని జరిగేటప్పుడు పక్కనే నిలబడి నేర్చుకోండి.

ఆఖరిగా డబ్బు, చోటు. వర్లి బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో బతికినోళ్లకు 2025 ఆగస్టులో కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు అందడం మొదలైంది. అలాంటి ఇంటికి చేరినోళ్లు పార్కింగ్ చోటు చూసుకొని కొనొచ్చు. ఇంకా గల్లీలో ఉన్నోళ్లు రోడ్డు మీద పెట్టి సాకగలమా అని ఆలోచించండి. అంతకన్నా ముఖ్యం, ఇంటావిడ చిట్టీ ఎత్తి గానీ, వడ్డీకి తెచ్చి గానీ కొనొద్దు. కొన్న ధరకు దాదాపు అంతే సొమ్ము మొదటి ఏడాది బాగుచేతకు పక్కన పెట్టుకోండి. అది లేకపోతే ఒక ఏడాది ఆగండి. ఆ ఏడాదిలో మేస్త్రీ దగ్గరికి పోయి పని నేర్చుకోండి. అప్పుడు కొనే బండి మీ దగ్గర నిలుస్తుంది.