కోత గంట, కోలుకునేది ఏడాది

మోకాలి మృదులాస్థికి మరమ్మతు చేయించుకోవాలా వద్దా అన్నది స్కాన్ రిపోర్టు ఒక్కటే తేల్చే విషయం కాదు. ఆపరేషన్ తర్వాతి ఏడాదిని లెక్కలోకి తీసుకోని నిర్ణయం సగం నిర్ణయమే.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ నుంచి గ్రూప్ దశలోనే వెనుదిరిగిన సైనా నెహ్వాల్ ముంబైలో మోకాలి శస్త్రచికిత్స చేయించుకున్నప్పుడు ఆమె ఆట ఇక ముగిసినట్లేనని భావించినవారు లేకపోలేదు. కానీ 2017 జనవరిలో ఆమె మలేసియా మాస్టర్స్ గెలిచింది. అదే ఏడాది గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించింది. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో పి.వి. సింధును ఓడించి స్వర్ణం అందుకుంది. 2024లో అదే సైనా తన మోకాలికి ఆర్థరైటిస్ వచ్చిందని, మృదులాస్థి బాగా దెబ్బతిన్నదని బయటపెట్టింది.

ఆనాటి ఆపరేషన్‌కూ ఈ అరుగుదలకూ ముడిపెట్టనక్కర్లేదు. పదిహేనేళ్లకు పైగా అగ్రశ్రేణి బ్యాడ్మింటన్ ఆడిన మోకాలది. అయితే ఆపరేషన్ బల్ల ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న మామూలు మనిషికి ఇందులో ఒక పాఠం ఉంది. మోకాలి శస్త్రచికిత్స విజయవంతమైనా మోకాలు కొత్తదైపోదు. దానివల్ల చేతికొచ్చేది కొంత కాలం. ఆ కాలం తనకు ఎంత అవసరం, దానికి చెల్లించాల్సిన మూల్యం ఏమిటి అన్నదే అసలు ప్రశ్న.

ఏ గుజ్జు?

తెలుగిళ్లలో మోకాలి నొప్పికి ఒకటే నిర్ధారణ: 'గుజ్జు అరిగిపోయింది.' ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. తొడ ఎముక, కాలి ఎముక కొసలను, మోకాలి చిప్ప లోపలి వైపును కప్పి ఉండే నున్నటి తెల్లటి పొర మృదులాస్థి. రెండు ఎముకల మధ్య చంద్రవంకల్లా ఒదిగి అదురును పంచుకునే మెత్తలు మెనిస్కస్‌లు. కీలు సాఫీగా కదిలేలా చూసే జిగట ద్రవం మూడోది. బయట 'గుజ్జు ఇంజెక్షన్' పేరుతో వేసేది ఈ మూడోదానికి సంబంధించిన మందు. అది ఊడిపోయిన మృదులాస్థిని తిరిగి మొలిపించదు.

ఇక స్నాయువు సంగతి పూర్తిగా వేరు. 1994లో మోకాలి స్నాయువు తెగిపోయి, పలు ఆపరేషన్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ కథ హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. 'ఆయన కోలుకోలేదా?' అని మృదులాస్థి దెబ్బతిన్న కుర్రాడికి ధైర్యం చెప్పేవారూ ఉంటారు. తెగిన స్నాయువు స్థానంలో శరీరంలోని మరో స్నాయువును అమర్చే పద్ధతి దశాబ్దాలుగా స్థిరపడింది. మృదులాస్థి అంత తేలిగ్గా లొంగదు.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. మోకాట్లో ఈ పొర మందం కొద్ది మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం నీరే. రక్తనాళాలు లేవు, నరాలు లేవు, కణాలు బహు తక్కువ. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి మానడం మొదలవుతుంది. ఇక్కడ ఆ అవకాశమే లేదు. దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి కోలుకోదని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాశారు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా వైద్యం ఆ మాటను దాటి పెద్దగా ముందుకెళ్లలేదు.

మూడు మార్గాలు

ఇప్పుడున్న మరమ్మతు పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది మైక్రోఫ్రాక్చర్. అమెరికాలోని కొలరాడోకు చెందిన సర్జన్ రిచర్డ్ స్టెడ్‌మన్ 1980లలో ప్రాచుర్యంలోకి తెచ్చారు. పొర ఊడిన చోట ఎముకకు సన్నటి రంధ్రాలు చేస్తారు. లోపలి మజ్జ నుంచి రక్తం, కణాలు పైకి వచ్చి గడ్డకట్టి మచ్చలాంటి కణజాలంగా మారతాయి. ఖర్చు తక్కువ, ఒకే ఆపరేషన్. కానీ అలా ఏర్పడేది అసలు మృదులాస్థి అంత దృఢమైనది కాదు. కొన్నేళ్ల తర్వాత దాని బలం సన్నగిల్లడం మామూలే. సాధారణంగా రెండు చదరపు సెంటీమీటర్ల లోపు గాయాలకే దీన్ని ఎంచుకుంటారు.

రెండోది మొజాయిక్‌ప్లాస్టీ. హంగరీ వైద్యుడు లాస్లో హాంగోడీ 1990ల మొదట్లో అభివృద్ధి చేశారు. మోకాట్లోనే పెద్దగా బరువు పడని చోటు నుంచి ఎముకతో సహా చిన్న బిళ్లలు తీసి గుంత పడ్డచోట పాదుకొల్పుతారు. సొంత మృదులాస్థే కాబట్టి నాణ్యతకు ఢోకా లేదు. కానీ ఒకచోట పూడ్చడానికి మరోచోట తవ్వాలి. అందుకే ఇదీ చిన్న గాయాలకే.

మూడోది సొంత కణాలను పెంచి అమర్చే పద్ధతి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1987లో తొలి రోగికి చేశారు. మాట్స్ బ్రిట్‌బెర్గ్, లార్స్ పీటర్సన్ బృందం 23 మంది ఫలితాలను 1994లో ప్రచురించడంతో ప్రపంచానికి తెలిసింది. మొదటి ఆపరేషన్‌లో చిటికెడు మృదులాస్థి తీస్తారు. ప్రయోగశాలలో కొన్ని వారాలపాటు కణాలను పెంచుతారు. రెండో ఆపరేషన్‌లో అమరుస్తారు. పెద్ద గాయాలకు ఇదే మెరుగని చాలామంది సర్జన్ల అభిప్రాయం. ఖర్చు లక్షల్లో ఉంటుంది.

మరి ఖరీదైనదే మేలైనదా? నార్వేలో 80 మందిని చెరి 40 మందిగా విడదీసి, సగం మందికి మైక్రోఫ్రాక్చర్, సగం మందికి తొలితరం కణాల పద్ధతి చేశారు. పదిహేనేళ్ల దాకా వారిని గమనించి 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కణాల పద్ధతిలో 17 మందికి, మైక్రోఫ్రాక్చర్‌లో 13 మందికి చికిత్స విఫలమైంది. రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సగం మందికి ఎక్స్‌రేలో ఆర్థరైటిస్ ఛాయలు కనిపించాయి. ఆ తర్వాత కణాల పద్ధతి చాలా మెరుగుపడింది. అయినా ఈ అంకెలు చెప్పే సంగతిని కొట్టిపారేయలేం. సగానికి పైగా రోగులకు ఆపరేషన్ పనికొచ్చింది. వారిలోనూ అరుగుదల చాలామందిని వదల్లేదు.

ఎవరికి వద్దు

ఈ మరమ్మతులన్నీ ఒక నిర్దిష్టమైన గాయానికి ఉద్దేశించినవి. గచ్చు మీద ఒకచోట పెచ్చు ఊడితే అతికించవచ్చు. గచ్చంతా అరిగితే అతుకులు పనికిరావు. ఆటలోనో ప్రమాదంలోనో ఒకచోట దెబ్బ తగిలి, చుట్టూ ఉన్న పొర బాగుండి, వయసు యాభై లోపుండి, కాలు వంకర లేకుండా, స్నాయువులు గట్టిగా ఉన్నవారే సరైన అభ్యర్థులు. వంకర ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. లేదంటే అతికిన చోటే మళ్లీ బరువు పడుతుంది. పొగ తాగేవారిలో, స్థూలకాయుల్లో ఫలితాలు తీసికట్టుగా ఉంటాయి.

వయసుతో వచ్చే అరుగుదలకు దుర్భిణి ఆపరేషన్‌తో 'లోపల శుభ్రం చేయించుకోవడం' మన నగరాల్లోనూ మామూలే. దాని మీద గట్టి పరీక్షలే జరిగాయి. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి నిజంగా శుభ్రం చేశారు, మరికొందరికి చర్మంపై కోత మాత్రమే పెట్టి కుట్టేశారు. నొప్పి విషయంలో ఇద్దరికీ తేడా కనిపించలేదు. అరుగుదల వల్ల చిరిగిన మెనిస్కస్ విషయంలో ఫిన్లాండ్ పరిశోధకులు 2013లో ఇలాంటి ఫలితాన్నే చూపారు. అరిగిన మోకాళ్లకు ఈ ఆపరేషన్ వద్దని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి గట్టిగా సిఫార్సు చేసింది.

పూర్తిగా అరిగినవారికి ఉన్నది కీలు మార్పిడి. ప్రధానిగా ఉండగానే అటల్ బిహారీ వాజ్‌పేయి 2000 అక్టోబర్‌లో ఒక మోకాలికి, 2001 జూన్‌లో మరో మోకాలికి ఆ ఆపరేషన్ చేయించుకున్నాక ఆ మాట దేశమంతటా ఇళ్లలోకి వచ్చింది. 2017 ఆగస్టులో కేంద్రం మార్పిడి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి కూడా విధించింది. మృదులాస్థి మరమ్మతుకు అలాంటి రక్షణ లేదు.

ఈ రెండు కొసల మధ్య ఉన్నవారే మార్కెట్‌కు చిక్కుతారు. నలభై దాటింది, మార్పిడికి ఇంకా వయసు రాలేదు, నొప్పి తగ్గడం లేదు. అలాంటివారికి 'మూలకణాల ఇంజెక్షన్‌తో గుజ్జు పెరుగుతుంది' అనే ప్రకటన అమృతంలా వినిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధిత వ్యాధుల్లో స్థిరపడిన చికిత్సలకు తప్ప మూలకణాల వాడకం అనుమతి పొందిన ప్రయోగాలకే పరిమితం కావాలి. ప్రయోగంలో చేరే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. బిల్లు చేతికిచ్చే చోట అది ప్రయోగం కాదని అర్థం.

కదలాలి, మోయకూడదు

నిర్ణయం సరైనదే అనుకుందాం. ఆపరేషన్ గంటో రెండు గంటలో పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. అసలు చికిత్స మొదలయ్యేది అక్కడే.

రక్తనాళాలు లేని మృదులాస్థి చుట్టూ ఉన్న ద్రవం నుంచే పోషణ తీసుకుంటుంది. స్పాంజిని నొక్కి వదిలినట్లు, కీలు కదిలితేనే ఆ ద్రవం లోపలికి వెళుతుంది. అందువల్ల మోకాలు కదలాలి. కానీ కొత్త కణజాలం మొదటి వారాల్లో జావలా మెత్తగా ఉంటుంది కాబట్టి బరువు మోయకూడదు. టొరంటో సర్జన్ రాబర్ట్ సాల్టర్ 1970లలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన యంత్రం ఈ పని చేస్తుంది. కాలిని అందులో పెడితే అదే మెల్లగా వంచి చాపుతుంది. మైక్రోఫ్రాక్చర్ తర్వాత రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలపాటు దీన్ని వాడాలని స్టెడ్‌మన్ పద్ధతి చెబుతుంది.

తొడ ఎముక మీద మరమ్మతు జరిగితే ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకకర్రలు తప్పవు. పాదం నేలను తాకాలంతే, బరువు వేయకూడదు. చిప్ప వెనుక జరిగితే నియమం మారుతుంది. బ్రేస్‌తో కాలు నిటారుగా ఉంచి నడవనిస్తారు కానీ వంచడం మీద ఆంక్షలుంటాయి. కాబట్టి పక్కింటివారి ఫిజియోథెరపీ చీటీ తనకు పనికిరాదు. మూడు నెలలకు స్థిర సైకిలు, ఆరు నెలలకు మామూలు నడక, తొమ్మిది నెలల నుంచి ఏడాది మధ్య పరుగు, ఆ పైన ఆట అన్నది స్థూలంగా కణాల పద్ధతికి ఉన్న క్రమం. కణజాలం పూర్తిగా గట్టిపడటానికి రెండేళ్లు కూడా పట్టవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నొప్పి తగ్గిన రోజు. మూడో నెలలో 'బాగైపోయింది' అనిపిస్తుంది. లోపల అతుకు ఇంకా లేతగానే ఉంటుంది. వ్యాయామం చేసిన మర్నాడు వాపు పెరిగితే మోతాదు ఎక్కువైందని మోకాలు చెబుతున్నట్లు. జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం లాంటివి కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

విదేశీ పుస్తకాల్లోని ఈ క్రమం మన ఇళ్లలోకి వచ్చేసరికి తడబడుతుంది. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి, లిఫ్టులేని మూడో అంతస్తు, పీట మీద భోజనం, ఆగీ ఆగని బస్సు. గొంతుక్కూర్చుంటే మోకాలి మీద శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. అందుకే ఆపరేషన్ తేదీ కంటే ముందు పాశ్చాత్య తరహా కమోడ్ లేదా కమోడ్ కుర్చీ, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఊచ, కింది అంతస్తులో మంచం సిద్ధం కావాలి.

ఇల్లాలి విషయంలో చిక్కు మరింత ఎక్కువ. ఉద్యోగికి సెలవు దొరుకుతుంది, వంటింటికి సెలవు లేదు. రెండో వారానికే పొయ్యి దగ్గర నిలబడిన మోకాలికి ఎంత గొప్ప సర్జన్ చేసిన పనైనా నిలవదు. బీమా కూడా ఇక్కడే చేయి వదిలేస్తుంది. ఆపరేషన్ బిల్లు కట్టే పాలసీలు చాలామటుకు డిశ్చార్జి తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులకే పరిమితం. ఫిజియోథెరపీ మాత్రం అప్పటికి సగం కూడా పూర్తవదు. చాలా కుటుంబాల్లో ఖర్చు తగ్గించుకోవడానికి మొదట ఆపేసేది అదే.

ముందు అడగాల్సినవి

కాబట్టి డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దెబ్బతిన్నది మృదులాస్థా, మెనిస్కసా? గాయం ఒకచోటేనా, అంతటా అరుగుదల ఉందా? ఎన్ని చదరపు సెంటీమీటర్లు? కాలి వంకర కొలిచారా? తొడ కండరాలు బలపరిచే వ్యాయామం మూడు నెలలు చేసి చూస్తే నష్టమా? ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. వ్యాయామంతో, బరువు తగ్గడంతో ఆపరేషన్ అవసరమే తప్పేవారు ఉన్నారు. తప్పనివారికి కూడా ఆ మూడు నెలల కండ తర్వాత అక్కరకొస్తుంది. కీలు బిగుసుకుపోయి చాపలేని స్థితి, లోపల ముక్క ఊడి తిరగడం లాంటివి ఉంటే ఈ ఎదురుచూపు కుదరదు. రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం మొదటి వైద్యుడిని అవమానించడం కాదు.

మిగిలిన ప్రశ్నలు ఇంట్లోవారివి. రెండు నెలలు బయటి పనులు ఎవరు చూస్తారు? వంట ఎవరు చేస్తారు? వారానికి రెండు మూడు సార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఎవరు తీసుకెళతారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆసుపత్రిలో సంతకం చేయించుకునే కాగితం మీద ఆపరేషన్ పేరు ఉంటుంది, రాబోయే ఏడాది ప్రస్తావన ఉండదు. దాని గురించి సంతకానికి ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.