బరువూ, బలమూ

పిల్లవాడు కాస్త బొద్దుగా ఉంటే ‘ముద్దొస్తున్నాడు, దిష్టి తీయండి’ అనడం మన ఇండ్లలో వాడుక. ఆ పిల్లవాడే బడి మైదానంలో అడుగుపెట్టగానే ‘గుమ్మడికాయ’ అవుతాడు. ఈ రెండు మాటల నడుమ వాని దేహదారుఢ్యాన్ని గురించి ఆలోచించేవారు అరుదు.

కేంద్రప్రభుత్వం బడిపిల్లలకు నిర్దేశించిన దేహపరీక్షలలో, నాలుగవ తరగతి మొదలుకొని, ఎత్తుకు తగిన బరువుతోపాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, పుషప్పులు మొదలైనవి ఉన్నవి. ఇక్కడొక చిక్కు కలదు. పరుగులో పిల్లవాడు తన బరువును తానే మోయవలెను. స్థూలకాయుడు వెనుకబడుట సహజం. పిడికిటి పట్టును కొలిచినచో అతడే తోటివారిని మించుట కద్దు. బక్కపలచని బాలుడు అక్కడ తేలిపోతాడు. మన దేశంలో ఈ రెండవ వర్గమే పెద్దది. 2016–18 జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 10–19 ఏండ్లవారిలో నూటికి 24 మంది తగిన బరువు లేనివారు. అధికబరువు గలవారు 5 మంది.

అసలు తూకం చెప్పేది కొంతే. పుణే వైద్యుడు యాజ్ఞిక్, ఆయన ఆంగ్లేయ మిత్రుడు యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ దేహాలనే ఉదాహరణగా చూపినారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మొదటివారు మారథాన్ పరుగువీరులు. రెండవవారి వ్యాయామమల్లా మూసుకొనే లిఫ్టు తలుపులకై పరుగెత్తడమేనట. పుట్టుకకు ముందటి పోషణకూ ఇందులో పాత్ర ఉన్నదనుకోండి.

ఆడనందున పిల్లవాడు లావెక్కుతాడు, లావెక్కినందున ఆడనివ్వరు. చురుకైనవానికి జట్టులో చోటు, మరింత అభ్యాసం. లావుపాటివానికి స్కోరు వ్రాసే పని. తరువాత ఇద్దరినీ పరుగెత్తించి, ఆటవల్లనే ఇంత భేదమని తేల్చుట న్యాయమా? ఆట నిష్ప్రయోజనమని నా భావం కాదు. బరువు తగ్గకున్నా, క్రమంగా ఆడే బిడ్డకు గుండె, ఊపిరి బలపడతవి. 5–17 ఏండ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది.

ఆ 60 నిమిషాలు ఎక్కడివి? ఆటల పీరియడును లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు. బడిలో పనిచేసిన రోజులలో నేనూ ఆ పీరియడును ఛందస్సుకు వాడుకున్నవాడనే. తరగతి అంతా మూతులు ముడుచుకున్నది. ఆనాడు సంతోషించినవాడు ఒక్కడే, స్కోరు వ్రాసే పిల్లవాడు.