గేటు బయట నిలిచినవాడు మనవాడు కాడా?



ఉదయం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు వైపు ఇందా నుండి బయలుదేరే కార్మికులను గమనించండి. సైకిళ్ళు ఒకటే, క్యారియర్లు ఒకటే, మాట్లాడుకునే తెలుగూ ఒకటే. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వలస వచ్చినవారే కావచ్చు. అయితే ఒకని జేబులో రైల్వే గుర్తింపు కార్డు ఉంది. రెండవవాని జేబులో కాంట్రాక్టరు ఇచ్చిన చీటీ ఉంది. మొదటివానికి నెల జీతం, సెలవు, క్వార్టరు, వైద్యం ఉన్నాయి. రెండవవానికి పనిచేసిన రోజుకే కూలి. టెండరు ముగిసిన నాడు అతని పేరు కూడా ముగిసిపోతుంది.

ఈ ఇద్దరిలో మన సంఘ సభ్యుడెవరు? మొదటివాడు మాత్రమే. ఈ సమాధానం చెప్పడానికి మనం సిగ్గుపడడం కూడా మానివేశాము. మన బలహీనతకు మూలం అక్కడే ఉందని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

2024 డిసెంబరులో దేశమంతటా రైల్వే సంఘాల గుర్తింపు కోసం రహస్య బ్యాలెట్ జరిగింది. గోడలన్నీ పోస్టర్లతో నిండాయి. ఊరేగింపులు జరిగాయి, దండలు పడ్డాయి. ఆ ఎన్నికలో పెట్టెలు కడిగే కాంట్రాక్టు కార్మికునికి ఓటు లేదు. పట్టాల వెంబడి కంకర మోసే కాంట్రాక్టు కూలీకి ఓటు లేదు. ప్రయాణికుల దుప్పట్లు ఉతికి సర్దేవారికీ ఓటు లేదు. గెలిచిన వారు గానీ ఓడిన వారు గానీ ఈ విషయాన్ని ప్రధాన సమస్యగా ఎత్తిచూపినారా? గుర్తింపు వలన సంఘానికి అధికారులతో సంప్రదించే హక్కు లభిస్తుంది. దానిని తక్కువ చేయనక్కరలేదు. కాని గుర్తింపును బలమని భ్రమించరాదు. మనం పిలుపునిచ్చిన నాడు పని ఆగుతుందా, ఆగదా? సంఘ బలానికి గీటురాయి ఈ ఒక్క ప్రశ్నే. ఒక్కొక్క పనీ కాంట్రాక్టుకు పోయిన కొద్దీ, మన పిలుపును అందుకొనగల చేతుల సంఖ్య తరిగిపోతున్నది.

ఈ ఊరి చరిత్రనే తిరగవేద్దాము. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు రెండు పర్యాయాలు పోరాటంలోకి దిగారు. ఫిబ్రవరి సమ్మెలో ఇక్కడి స్టేషను తుపాకీ కాల్పులను చూసింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కంపెనీ వర్క్‌షాపు నుండి వేయిమందికి పైగా కార్మికులను తొలగించడానికి పూనుకొన్నది. అప్పుడేమి జరిగింది? జాబితాలో పేరున్నవారు మాత్రమే పోరాడలేదు. పేరు లేనివారు, తమ ఉద్యోగానికి ఏ ముప్పూ రానివారు సైతం పనిముట్లు క్రింద పెట్టారు. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు డిసెంబరు వరకు ఒకే పక్షాన నిలిచారు. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో మన వి.వి. గిరి ముఖ్యులు. ఆ పోరాటపు సారాంశం ఒక్కటే: ప్రక్కవాని కూడు పోయిన నాడు నా కూడు నిలవదన్న ఎరుక.

1974లో మరొక ఘట్టం. మే 8న మొదలైన అఖిల భారత రైల్వే సమ్మెలో సుమారు 17 లక్షల మంది పాల్గొన్నారు. సమ్మె ప్రారంభానికి ముందే మే 2న జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. భారత రక్షణ నిబంధనలను, మీసాను కార్మికులపై ప్రయోగించారు. క్వార్టర్ల నుండి కుటుంబాలను వెళ్ళగొట్టారు. ఆనాడు రాష్ట్రపతి పీఠంపై ఉన్నవారెవరు? 1927 నాటి ఖరగ్‌పూర్ నాయకుడైన గిరిగారే. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవిని వదలుకొన్న మనిషి ఆయన. ఇది వ్యక్తినిందకై చెప్పే మాట కాదు. మనలో నుండి ఒకరు ఎంత ఎత్తుకు ఎదిగినా, క్రింది నిర్మాణం చాలకపోతే ఆ ఎత్తు మనలను కాపాడదు. ఈ పాఠం ఖరగ్‌పూర్‌కు తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు.

ఆ సమ్మెను 20 రోజులకు ఉపసంహరించారు. ఓటమి అన్నారు. కాని ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారిని 1977 తరువాత తిరిగి తీసుకొనక తప్పలేదు. 1979-80 నుండి ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనసును ఇవ్వక తప్పలేదు. నేడు మనం దసరాకు ముందు అందుకొనే ఆ బోనసు వెనుక 1974 జైళ్ళున్నాయి. అంతకన్న ముఖ్యమైన సంగతి ఒకటి మనం మరచిపోయాము. ఆనాటి కోర్కెల పట్టికలో బోనసు, కరువు భత్యం, ఎనిమిది గంటల పని దినంతో పాటు, క్యాజువల్ కార్మికులను ఖాయపరచాలన్న కోర్కె కూడా ఉంది. పర్మనెంటు కార్మికుడు తనతో పాటు క్యాజువల్ కార్మికుని కోసం కూడా జైలుకు వెళ్ళాడు.

1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులకు తాత్కాలిక హోదా కల్పించే పథకాన్ని ఆమోదించింది. యాజమాన్యం దాని నుండి వేరొక గుణపాఠం నేర్చుకొన్నది. క్యాజువల్ కార్మికుని తానే పెట్టుకొంటే ఏనాటికైనా ఖాయం చేయవలసి వస్తుంది. నడుమ కాంట్రాక్టరును నిలబెడితే ఆ బాధ ఉండదు! 2001లో స్టీల్ అథారిటీ కేసు తీర్పు ఈ మార్గాన్ని మరింత విశాలం చేసింది. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు వాటంతట అవే ప్రధాన యజమాని ఉద్యోగులు కారని ఆ తీర్పు చెప్పింది.

2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చారు. కాంట్రాక్టు కార్మికుల చట్టం వర్తించడానికి పూర్వం 20 మంది ఉంటే చాలును. ఇప్పుడు 50 మంది కావాలి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది కలసి ఒకేసారి సెలవు పెట్టినా దానిని సమ్మెగానే లెక్కిస్తారు. సంస్థ మస్టరు రోలులో ఉన్నవారిలో 51 శాతం మద్దతు గల సంఘమే ఏకైక సంప్రదింపుల సంఘం. ఈ ‘మస్టరు రోలు’ అన్న మాటను మరల చదవండి. కాంట్రాక్టు కార్మికుని పేరు ఉండేది కాంట్రాక్టరు పుస్తకంలో. చెమట లోపల, పేరు బయట! ఈ లెక్కను మనం కూడా అంగీకరిస్తే, యాజమాన్యం గీసిన గీతనే మన సంఘానికి సరిహద్దుగా స్వీకరించినట్లు కాదా?

మనవారిలోనే కొందరు అభ్యంతరాలు చెబుతారు. “వారిని చేర్చుకొంటే మన పనికే ఎసరు” అంటారు. ఎసరు ఎప్పుడో పెట్టారు. ఆ మంట మీద ఉన్నది చవుక కూలి. కాంట్రాక్టు కూలి ఎంత తక్కువగా ఉంటే, మిగిలిన పనులను కూడా కాంట్రాక్టుకు ఇవ్వడానికి అంత ఆకర్షణ ఉంటుంది. అతని కూలి పెరగడం మన ఉద్యోగానికి రక్షణ. “చట్టం ఒప్పుకోదు” అని మరికొందరంటారు. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించవలసిందేనన్న బాధ్యత పాత చట్టంలోనూ ఉన్నది, కొత్త కోడ్‌లోనూ ఉన్నది. దానిని ఎన్నిసార్లు వినియోగించాము? సంఘ నియమావళిని సవరించడానికి ఢిల్లీ అనుమతి కావాలా? “వారు భయపడతారు, నిలబడరు” అని ఇంకొందరు. రేపటి పనికి భరోసా లేనివాడు భయపడడా? 1927లో భయం లేదా? ప్రక్కవాడు నిలబడినప్పుడు భయం సగమవుతుంది. ఆ ప్రక్కన మనం నిలబడినామా అన్నదే ప్రశ్న.

ఖరగ్‌పూర్ తెలుగువారితో ఒక మాట. ఈ పట్టణంలో మనం బడులు కట్టుకొన్నాము, గుడులు కట్టుకొన్నాము, ఉగాదికి ఒక చోట చేరుతున్నాము. సంతోషం. ఆ పందిరిలో పర్మనెంటు వాడూ కాంట్రాక్టు వాడూ ఒకే బంతిలో భోజనం చేస్తారు. మరునాడు గేటు వద్ద ఒకరినొకరు ఎరుగనట్లు పోతారు. పందిట్లో ఉన్న బంధుత్వం పనిలో ఎందుకు లేదు? అట్లాగే తెలుగువాని బాధ తెలుగువాడే చూసుకొంటాడన్న ఇరుకు ఆలోచన కూడా పనికిరాదు. తుపాకీ ముందు 1927 కార్మికుడు భాష అడగలేదు.

కనుక చేయవలసిన పని స్పష్టంగా ఉంది. ప్రతి శాఖా తన పరిధిలో ఏ ఏ పనులు కాంట్రాక్టులో ఉన్నవో, ఎంతమంది చేస్తున్నారో, ఎంత కూలి చేతికి అందుతున్నదో పట్టిక తయారు చేయాలి. నియమావళిని సవరించి, తక్కువ చందాతో పూర్తి సభ్యత్వం, కార్యవర్గంలో స్థానం వారికి కల్పించాలి. టెండరు మారినా పాత కార్మికులనే కొనసాగించాలన్న కోర్కెను మన కోర్కెల పత్రంలో అన్నిటికంటె ముందు చేర్చాలి. కూలి ఎగవేసిన చోట గేటు సభలో మొదట మాట్లాడవలసినవాడు పర్మనెంటు కార్మికుడు.

గుర్తింపు ఎన్నికలు మరల వస్తాయి. దండలు వాడిపోతాయి. గేటు బయట నిలిచినవాడు లోపలికి, సంఘంలోకి, మన ప్రక్కకు వచ్చిన నాడు మాత్రమే మన పిలుపుకు పని ఆగుతుంది. అంతవరకు మన వినతిపత్రాలు అధికారుల బల్లల మీద కాగితాలుగానే మిగులుతాయి.

కార్మికవర్గ ఐక్యత వర్ధిల్లాలి!