పాత విమానం, కొత్త తెరల వ్యామోహం

పాత చిన్న విమానాన్ని కొనదలచినవారికీ, చేతిలో ఉన్నదాన్ని బాగుచేయించదలచినవారికీ ఈ మధ్య ఎవరిని అడిగినా ఒకే సలహా దొరుకుతున్నది: పైలట్ ఎదురుగా పలకలో ఉన్న పాత ముళ్ల మీటర్లన్నీ తీసివేయించి వాటి చోట రంగుల తెరలు, అంటే ‘గ్లాస్ కాక్‌పిట్’, పెట్టించండి, తక్కిన పనులు తరువాత చూసుకోవచ్చు. ఈ సలహా ఎంతగా పాతుకుపోయిందంటే, తెర లేని విమానం ఎగరడానికే పనికిరాదన్నట్లు మాట్లాడడం వివేకంగా చెలామణి అవుతున్నది. ఈ అభిప్రాయం తప్పు. ఎండలు మండిపోయే, వానలు మొహం చాటేసే, వేసవి పొడవునా ఎర్రమట్టి ధూళి లేచే, అనంతపురం వైపు గోరంట్ల పీఠభూమి వంటి చోట్ల అది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

ఇక్కడ పాత చిన్న విమానమంటే ఒకే పిస్టన్ ఇంజన్, ముందు తిరిగే ప్రొపెల్లర్, ఇద్దరికో నలుగురికో సరిపడే సీట్లు ఉన్న సెస్నా 152, సెస్నా 172, పైపర్ చెరోకీ వంటివి. 172 నమూనా 1955లో తొలిసారి ఎగిరింది. సెస్నా కంపెనీ 1986లో పిస్టన్ విమానాల తయారీని ఆపివేసి 1996లో గాని మళ్లీ మొదలుపెట్టలేదు. 152 తయారీ 1985తో ఆగిపోయి తిరిగి రానే లేదు. అందువల్ల ఈ తరహా విమానాల్లో నేటికీ ఎగురుతున్న వాటిలో చాలా భాగం నలభై ఏళ్లు నిండినవే. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడి వారాంతాల్లో ఎగరడానికి సొంత విమానం కొనుక్కునే తెలుగు ఇంజనీరు చేతికి వచ్చేదీ, హైదరాబాదులోనో బెంగళూరు జక్కూరులోనో విద్యార్థులకు శిక్షణ ఇచ్చేవారి షెడ్డులో ఉండేదీ ఎక్కువగా ఈ తరం విమానమే.

తెరల పక్షం వహించేవారి వాదమంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: కంటి ముందు ఎక్కువ సమాచారం ఉంటే భద్రత ఎక్కువ. దీనికి రుజువేమిటని అడిగితే అమ్మకందారుల కరపత్రాలు తప్ప మరేమీ చూపరు. రుజువు వెతికినవారు ఉన్నారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు, అంటే అక్కడి ప్రమాదాలపై దర్యాప్తు జరిపే స్వతంత్ర సంస్థ, 2002–2006 మధ్య తయారైన ఎనిమిది వేలకు పైగా చిన్న విమానాలను ముళ్ల మీటర్లున్నవి, తెరలున్నవి అని రెండు వర్గాలు చేసి పోల్చి, ఆ ఫలితాన్ని 2010లో ప్రచురించింది. తెరలున్న వర్గంలో మొత్తం ప్రమాదాల రేటు తక్కువగా కనిపించినా, ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువగా ఉన్నదని, తెరల వల్ల భద్రత మొత్తం మీద మెరుగుపడినట్లు కనిపించలేదని ఆ అధ్యయనం తేల్చింది. తెరలున్న విమానాలు దూరప్రయాణాలకు, మబ్బుల్లోకి ఎక్కువగా వెళ్లాయి కాబట్టి అలా జరిగిందని కొందరు సర్దిచెబుతారు. తెర ఉన్నదన్న ధైర్యమే మనిషిని ఆ మబ్బుల దాకా తీసుకువెళ్లిందని ఒప్పుకోవడానికి మాత్రం వారికి నోరు రాదు.

ముళ్ల మీటరుకు ఒక గుణం ఉన్నది. వేగాన్ని చూపేది వేగాన్నే చూపుతుంది, ఎత్తును చూపేది ఎత్తునే చూపుతుంది. ఒకటి చెడితే తక్కినవి పనిచేస్తూ చెడినదాన్ని పట్టిస్తాయి. తెరలో అన్నీ ఒకే అద్దం వెనుక, ఒకే విద్యుత్ సరఫరా మీద, ఒకే సాఫ్ట్‌వేర్ దయ మీద ఆధారపడి ఉంటాయి. ఒక్కో కంపెనీ తెర ఒక్కో తీరుగా చెడుతుంది కాబట్టి, ఒక నమూనా మీద నేర్చుకున్నవాడు మరో నమూనాలో ఏమి జరుగుతున్నదో తేల్చుకునేలోపు సమయం దాటిపోతుంది. ఈ తేడాలకు ప్రత్యేక శిక్షణ కావాలని పై అధ్యయనమే హెచ్చరించింది. వారాంతంలో గంట సేపు ఎగిరే యజమాని ఆ శిక్షణ కోసం ఎంత ఖర్చుపెడుతున్నాడో తెరను సిఫారసు చేసేవారు ఎన్నడూ అడగరు. పాత పద్ధతిలో కృత్రిమ క్షితిజాన్ని, అంటే మబ్బులో ఉన్నప్పుడు రెక్కలు సమంగా ఉన్నాయో లేదో చూపే మీటరును, తిప్పే వ్యాక్యూమ్ పంపు చెప్పాపెట్టకుండా పాడవుతుందన్నది నిజమే. దానికి అరచేతిలో పట్టే ఒక్క ఎలక్ట్రానిక్ సూచిక చాలు. పలకంతా కూల్చి కట్టనక్కరలేదు.

పలకలో తెర పెట్టించే స్తోమత లేనివారు చేతి టాబ్లెట్‌ను పైలట్ ముందు తగిలించి అదే ఆధునికత అనుకుంటున్నారు. యాపిల్ కంపెనీయే తన ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియస్‌కు మించని చోట వాడమంటుంది. అనంతపురం వేసవిలో నీడలోనే ఆ హద్దు దాటుతుంది. ఎండలో నిలిపి ఉంచిన విమానంలో, గాజు కింద, ఏ స్థాయికి చేరుతుందో ఇనుప తలుపు తాకి చేయి కాల్చుకున్న ప్రతివారికీ తెలుసు. వేడెక్కిన టాబ్లెట్ దానంతట అదే ఆరిపోతుంది, అదీ విమానం నేల విడిచే సమయానికి.

అసలు లెక్క వేయవలసింది ఎండను. విమానం ఎగరడానికి ఆధారం గాలి చిక్కదనం. గాలి వేడెక్కినకొద్దీ పలచబడుతుంది, పలచబడినకొద్దీ ఇంజన్‌కు అందే ప్రాణవాయువు, ప్రొపెల్లర్ లాగే బలం, రెక్క మోసే బరువు మూడూ తగ్గుతాయి. ఆ రోజు గాలి ఏ ఎత్తులోని ప్రామాణిక గాలితో సమానంగా ఉన్నదో చెప్పే లెక్కను సాంద్రతా ఉన్నతి అంటారు. 1990 నవంబరులో ప్రారంభమైన పుట్టపర్తి సత్యసాయి విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 475 మీటర్ల ఎత్తున, అంటే ఇంచుమించు 1,560 అడుగుల ఎత్తున ఉన్నది. ప్రామాణిక వాతావరణం ప్రకారం ఆ ఎత్తులో ఉండవలసిన ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉన్నదనుకుంటే తేడా 28 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున నేల ఎత్తుకు కలిపితే మొత్తం 4,900 అడుగులు, దాదాపు 1,500 మీటర్లు అవుతుంది. ఇంజన్ వరకు ఆ మధ్యాహ్నం పుట్టపర్తి రన్‌వే హార్స్‌లీ హిల్స్ కంటే ఎత్తున ఉన్నట్టే లెక్క. సముద్రమట్టంలో 110 అశ్వశక్తి ఇచ్చే సెస్నా 152 ఇంజన్ అక్కడ 93 దగ్గర ఆగిపోతుంది, పైకెక్కే వేగంలో నాలుగో వంతుకు మించి పోతుంది. కరపత్రంలో అచ్చయిన అంకెలన్నీ సముద్రపు ఒడ్డున 15 డిగ్రీల చల్లదనంలో వేసినవి. ఆ చల్లదనం గోరంట్లలో మాఘమాసపు తెల్లవారుజామున కొద్దిసేపు ఉంటుందేమో గాని, ఆ సముద్రమట్టం ఎన్నడూ ఉండదు. ఏ తెర అయినా ఈ లెక్కను చూపగలదు గాని పోయిన 17 అశ్వశక్తిని తిరిగి తేలేదు.

కాబట్టి పాత విమానానికి చేయించవలసిన మొదటి మార్పు తీసివేత. సెస్నా 152 గరిష్ఠంగా 757 కిలోలతో నేల విడవవచ్చు. ఖాళీ విమానమే దాదాపు 500 కిలోలు ఉంటుంది, నిండు ట్యాంకుల ఇంధనం దాదాపు 67 కిలోలు, పెద్దవాళ్లు ఇద్దరు ఎక్కితే ఇక మిగిలేది చేతిసంచి బరువే. అటువంటి విమానంలో నలభై ఏళ్లుగా ఒక్కో యజమాని ఒక్కో పరికరం చేర్చుకుంటూ పోయాడు. పరికరాన్ని తీసినప్పుడు కూడా దాని తీగలు, బిగింపు చట్రాలు పలక వెనుక అలాగే ఉండిపోయాయి. నేల మీది రేడియో స్తంభం వైపు ముల్లు తిప్పే ఏడీఎఫ్ అనే పరికరానికి, ఆ స్తంభాలే ఒక్కొక్కటిగా మూతపడుతున్న కాలంలో, ఇక పనిలేదు. తెర తేలికైనదని వాదించేవారు దాని వెంట వచ్చే ఆటోపైలట్ మోటార్లు, అదనపు బ్యాటరీ, కొత్త యాంటెన్నాల బరువును లెక్కలోకి రానివ్వరు. ప్రతి మార్పు తరువాత విమానాన్ని తూకం వేయించి, బరువు ఎంత, అది ముందుకు ఉన్నదా వెనక్కి ఉన్నదా అన్నది పత్రాల్లో సరిచేయించాలి. పాత కాగితం మీది అంకెను కొత్త పలకకు అంటగట్టడం మోసం.

ఈ సందర్భంలో ఒక దేశీయ విమానాన్ని తలచుకోవడం అవసరం. గోరంట్లకు వంద కిలోమీటర్లకు కాస్త పైన ఉన్న బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం రూపొందించిన పుష్పక్ 1958 సెప్టెంబరులో తొలిసారి ఎగిరింది. చట్రానికి గుడ్డ తొడిగిన రెండు సీట్ల విమానం, 90 అశ్వశక్తి ఇంజన్, పలకలో వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ మీటర్లు. దాదాపు 160 తయారై దేశమంతటా ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్లి ఒక తరం పైలట్లను తయారుచేశాయి. ఇంజన్ చప్పుడు వినడం, కిటికీలోంచి దిగంతాన్ని చూసి రెక్కలు సమం చేయడం ఆ తరం నేర్చుకున్న విద్య; దాన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేసేవారికి పుష్పక్ పేరెత్తే అర్హత లేదు. అదే బెంగళూరులోని జాతీయ వైమానిక అంతరిక్ష ప్రయోగశాల రూపొందించిన హంస, 1993లో మొదటిసారి ఎగిరి, ఇప్పుడు కొత్త రూపంలో తెరలతోనే వస్తున్నది గదా అని ఎవరైనా అడగవచ్చు. విద్యుత్ వ్యవస్థ, చల్లబరిచే ఏర్పాటు మొదటి నుంచి తెరల కోసమే గీసిన విమానం వేరు, 1975 నాటి తీగల మీద తెర అతికించిన విమానం వేరు.

తక్కిన ఫ్యాషన్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 172కు 180 అశ్వశక్తి ఇంజన్ వేయించడం ఈ ఎండలకు మంచిదే గాని ఆ ఖర్చు విమానం ధరతోనే పోటీ పడుతుంది. దానికన్నా వేగం కొంత తగ్గినా ఎక్కే బలం పెంచే, తక్కువ పిచ్ గల ప్రొపెల్లర్ మేలు. రెక్క అంచులకు తొడిగే పొట్టి రన్‌వే కిట్లు పుట్టపర్తి వంటి పొడవాటి రన్‌వే మీద అనవసరం. కొత్త రంగు కంటికి ఇంపు, అంతే.

కోపం రావలసిన చోటు సీటు కింద ఉన్నది. సెస్నా సీటు నేలకు బిగించిన రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పట్టాకు వరుసగా రంధ్రాలుంటాయి, సీటుకున్న పిన్ను వాటిలో దిగి సీటును ఆపుతుంది. వేలమంది ఎక్కి దిగినకొద్దీ ఆ రంధ్రాలు అరిగి గుండ్రతనం కోల్పోతాయి, పిన్ను కొసే పట్టుకుంటుంది. టేకాఫ్‌లో ముక్కు పైకి లేచిన క్షణంలో పిన్ను జారితే సీటు వెనక్కి దూసుకుపోతుంది, ఆసరాకు పట్టుకున్న స్టీరింగ్ వెనక్కి లాగబడుతుంది, విమానం ఇంకా నిట్టనిలువుగా లేచి గాలిలో పట్టు తప్పి కూలుతుంది. ఇలా ప్రాణాలు పోయినందువల్లే అమెరికా విమానయాన శాఖ 1987లో ఈ పట్టాలను విధిగా తనిఖీ చేయాలని ఆదేశించింది; రంధ్రం వెడల్పు 9 మిల్లీమీటర్లకు కాస్త మించితే పట్టా మార్చవలసిందే. తెరకయ్యే డబ్బులో ఇది ఏ మూలకు? పిన్ను జారినా సీటును ఆపే రెండో బంధనం కూడా దొరుకుతుంది. భుజాల మీదుగా వచ్చే బెల్టుదీ ఇదే కథ. 1978కి ముందు తయారైన అనేక చిన్న విమానాలకు నడుము బెల్టు మాత్రమే ఉండేది. నడుము బెల్టు ఒక్కటే ఉన్నవారికి ప్రాణాపాయం లేదా తీవ్ర గాయాల ముప్పు దాదాపు 50 శాతం ఎక్కువని అదే రవాణా భద్రతా బోర్డు 2011లో చెప్పింది. తల మీటర్ల పలకకు కొట్టుకునే విమానంలో ఆ పలకను అద్దంతో అలంకరించడం క్షమించరాని పని.

ఇక దుమ్ము. సెస్నా ఇంజన్ మామూలుగా ముందున్న వడపోత గుండా గాలి పీల్చుకుంటుంది. కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలిని పంపే పిడిని లాగితే మాత్రం గాలి వడపోతను తప్పించుకుని నేరుగా లోపలికి పోతుంది. మట్టి నేల మీద నిలిచి ఆ పిడిని పరీక్షిస్తూ కూర్చుంటే ఎర్రమట్టి సిలిండర్లలోకి చేరి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ట్రాక్టరు ఎయిర్ ఫిల్టరును ఎన్నాళ్లకొకసారి దులపాలో గోరంట్లలో చిన్న పిల్లవాడికీ తెలుసు. మార్చుకోదగ్గ నురుగు వడపోత, ప్రతి సిలిండరు వేడినీ విడివిడిగా చూపే ఇంజన్ మీటరు, ఈ రెండూ ఈ నేలకు అసలైన ఆధునికీకరణ. తెర అంటే ఒప్పుకోదగ్గది ఆ రెండోది ఒక్కటే, ఎందుకంటే అది ఇంజన్ కోసం పనిచేస్తుంది. రెక్క మీది ఇంధన మూతల రబ్బరు ఎండకు పెళుసెక్కి వాననీరు ట్యాంకులోకి దిగడం మరో బెడద. ఈ ఇంజన్లు వాడే ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలును చాలాకాలం దిగుమతి చేసుకున్న దేశం మనది. ఇండియన్ ఆయిల్ 2022లో స్వదేశంలో తయారైనదాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అంత కష్టపడి తెచ్చుకున్న ఇంధనంలో నీరు కలవనివ్వడం కన్నా నిర్లక్ష్యం ఉండదు.

పెద్ద మార్పుకు సాధారణంగా అనుబంధ టైపు ధ్రువపత్రం, అంటే ఫలానా నమూనాకు ఫలానా మార్పు తగినదని అధికారులు ఇచ్చే ఆమోదం ఉండాలి. విదేశంలో ఇచ్చినదైతే భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ దాన్ని అంగీకరించాలి. ఆ పరిధిలోనే వరుస మార్చాలి: ముందు తూకం, పనికిరాని తీగల తొలగింపు, సీటు పట్టాలు, భుజం బెల్టులు, తరువాత వడపోత, మూతలు, ఇంజన్ మీటరు, ఆపై ప్రొపెల్లర్. ఏ విమానానికి ఏది ఎంతవరకు అన్నది దాని లాగ్‌బుక్కులు, దాని తుప్పు, దాని యజమాని ఎగిరే వేళలు నిర్ణయించాలి. ఇవన్నీ ముగిసి, 40 డిగ్రీల మధ్యాహ్నానికి సరిపడా వేసిన టేకాఫ్ దూరాల పట్టిక పైలట్ మోకాలి మీద ఉన్ననాడు తెరల ధరలు అడగవచ్చు.