సంగీతకర్తకు సింథసైజర్లు ఎన్ని కావలెను?

గడచిన వార్షికోత్సవము ముగిసిన మరునాడు పదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రిగారిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలునకు సంగీతమునందు మిక్కిలి యాసక్తి. కంప్యూటరుమీద బాణీలు కట్టి, వాద్యములు చేర్చి, పాటలను రికార్డు చేయుట తనంతట తాను నేర్చుకొనుచున్నాడు. అతని చేతిలో నొక కాగితముండెను. అందు పదునొకండు సాఫ్ట్‌వేరు సింథసైజర్ల పేర్లు వరుసగా వ్రాసి, ఒక్కొక్కదాని కెదురుగా వెల వేసియుండెను. అడుగున గీత గీసి కూడిన మొత్తము ఆ తండ్రిగారి రెండు నెలల జీతమునకు మించియుండెను. “మాస్టరుగారూ, ఇవి యన్నియు లేనిదే పాట చేయుట సాధ్యము కాదని మావాడు పట్టుబట్టి కూర్చున్నాడు. తమరు బడిలో పాటలకు వాద్యములు కూర్చుదురు గదా! నిజము చెప్పవలెను” అని యాయన యడిగిరి.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఏలయన, ఆ దినమున మా కంప్యూటరులోనే నలువదిమూడు సింథసైజర్లుండెను. కొన్ని కొన్నవి, పెక్కు ఉచితముగా దొరకినవి. ఆలోచించి చెప్పెదమని వారిని సాగనంపితిమి. ఇట్టి ప్రశ్న మరికొందరి యిండ్లలోను పుట్టుచున్నదని తెలిసినందున, పిమ్మట ఆ తండ్రిగారికి చెప్పిన మాటలనే ఇచట కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

సింథసైజరనిన నేమో యెరుగని తల్లిదండ్రులకు ముందుగా రెండు మాటలు. వీణకు తీగయు, పిల్లనగ్రోవికి గాలియు, మృదంగమునకు చర్మమును నాదము నిచ్చును. సింథసైజరునందు విద్యుత్తే నాదమునకు మూలము. అమెరికాలో రాబర్టు మూగ్ అను నతడు 1964లో ఇట్టి యంత్రమునకు తొలి నమూనాను నిర్మించెను. ఆ కాలపు యంత్రములు బీరువాలంత యుండెడివి. ఒక భాగమును మరియొక భాగముతో తీగలచే కలుపుకొనవలసి యుండెడిది. 1970లో వచ్చిన మినీమూగ్ ఒక మనుష్యుడు మోయదగిన వాద్యము. తరువాత 1996లో స్టైన్‌బర్గ్ అను జర్మను సంస్థ వి.ఎస్.టి. అను పద్ధతిని ప్రవేశపెట్టెను. 1999లో ఆ పద్ధతి వాద్యములకును విస్తరించినది. నాటినుండి బీరువా వంటి యంత్రము కంప్యూటరులో నొక చిన్న ఫైలైనది. బీరువాకు ఇంటిలో చోటు కావలెను గనుక రెండవది కొనుటకు ఎవడైనను వెనుదీయును. ఫైలునకు చోటక్కరలేదు. చిక్కంతయు నిచటనే పుట్టినది.

బాలుని కాగితమును ముందిడుకొని ఆ రాత్రి మేమొక పని చేసితిమి. పేర్లను విడిచి, ఆ పదునొకండును నాదమును పుట్టించు విధమునుబట్టి విడదీసితిమి. ఏడు ఒకే జాతివిగా తేలెను. వాటి పని యిట్లుండును. ఆసిలేటరు అను భాగము మొదట నొక ముడి నాదమును పుట్టించును. రంపపు పండ్ల యాకారముగల తరంగమందు మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు మొదలగు అతిస్వరములన్నియు నుండును. చతురస్ర తరంగమందు బేసి సంఖ్యలవి మాత్రమే యుండును. అందుచేత మొదటిది వయొలినువలె నిండుగాను, రెండవది క్లారినెట్టువలె కొంత బోలుగాను వినబడును. పిదప ఫిల్టరు, పిండిని జల్లెడ పట్టినట్లు, అక్కరలేని అతిస్వరములను ఆపివేయును. కడపట ఎన్వలప్ అను భాగము నాదము ఎంత త్వరగా లేవవలెను, ఎంతవరకు దిగి నిలువవలెను, వ్రేలెత్తిన తరువాత ఎంతసేపటికి చల్లారవలెను అనునది నిర్ణయించును. ఏడింటియందును ఇదియే పని. రంగులు వేరు, మీటల వరుస వేరు, వెల వేరు. వాటి ఫిల్టర్లలో స్వల్పమైన రుచిభేదములు లేకపోలేదు. కాని ఆ భేదమును పసిగట్టగల చెవి ఏడింటిని కొన్నందున రాదు, ఒకదానిని ఏడు నెలలు వాయించినందున వచ్చును.

మిగిలిన నాలుగింటిలో రెండు ఎఫ్.ఎమ్. జాతివి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న పద్ధతి యిది. ఒక తరంగముచేత మరియొక తరంగపు పౌనఃపున్యమును అతివేగముగా కదల్చినచో, రెంటికిని లేని క్రొత్త స్వరములు పుట్టును. గంటలు, లోహపు పలకలు, గాజు తగిలిన చప్పుడు మొదలగునవి దీనియందు మిక్కిలి చక్కగా పలుకును. 1983లో యమహా సంస్థ విడుదల చేసిన డి.ఎక్స్.7 అను వాద్యముతో ఇది లోకమంతటను వ్యాపించెను. మరియొకటి వేవ్‌టేబుల్ జాతిది. బొమ్మల పుస్తకపు పుటలను బొటనవ్రేలితో జరజర త్రిప్పినట్లు అది ఒక తరంగము నుండి మరియొకదానికి జారుచు పోవును. చివరిది శాంప్లరు. అది నిజమైన వాద్యపు ధ్వనిని రికార్డు చేసికొని, మనము మీట నొక్కినప్పుడు వినిపించును. పదునొకండు పేర్లు, జాతులు మాత్రము నాలుగు.

కావున మా అభిప్రాయమిది. నేర్చుకొనువానికి మొదటి సంవత్సరమున ఒక్క సింథసైజరు చాలును. అది మొదటి జాతిది కావలెను. అటుపిమ్మట జాతికొకటి చొప్పున నాలుగుండవచ్చును. ఐదవదానికి ఒక పాట సాక్ష్యము పలుకవలెను. అనగా, చేతిలోనున్న పాటకు కావలసిన యొక నాదమును రెండు సాయంకాలములు శ్రమించియు ఆ నాలుగింటిలో పుట్టింపలేకపోయినప్పుడే ఐదవదాని మాట తలపెట్టవలెను. నిజమునకు నాలుగు కూడ నక్కరలేకపోవచ్చును. సర్జ్ ఎక్స్‌టి అను వాద్యమందు మొదటి మూడు జాతుల పద్ధతులును ఒకేచోట నున్నవి. దాని మూలగ్రంథమును 2018లో కర్త లోకమునకు విడిచిపెట్టెను. నేడు దానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును.

ఒక్క వాద్యముతో ఏమి చేయగలమని విద్యార్థు లడుగుదురు. 1968లో వెండీ కార్లోస్ బాక్ మహాశయుని కృతులను మూగ్ యంత్రముమీద వాయించి ఒక గ్రామఫోను రికార్డును వెలువరించిరి. ఆ యంత్రము ఒక్కసారికి ఒక్క స్వరమునే పలుకును. బాక్ సంగీతమునందో, నాలుగైదు స్వరపంక్తులు ఒకదానితో నొకటి పెనవేసికొని పోవును. ఒక పంక్తిని వాయించి, ఎనిమిది ట్రాకుల టేపుమీద నిలిపి, మరల వెనుకకు వచ్చి రెండవ పంక్తిని వాయించి, ఈ విధముగా ఆ రికార్డంతయు నిర్మింపబడెను. 1970లో దానికి మూడు గ్రామీ బహుమానములు వచ్చినవి. అంతకుముందు 1963లో, లండను నగరమున బి.బి.సి. వారి రేడియోఫోనిక్ వర్క్‌షాపులో డీలియా డర్బిషైర్ అను వనిత యొక టెలివిజను ధారావాహికకు ప్రారంభగీతము కూర్చినప్పుడు ఆమె చేత సింథసైజరే లేదు. రాన్ గ్రేనర్ వ్రాసియిచ్చిన స్వరములను, మీటిన యొక తీగ ధ్వనిని, పరీక్షలకై వాడు ఆసిలేటర్ల ధ్వనులను టేపుమీద రికార్డు చేసి, కత్తిరించి, అతికి పలికించెను. ‘డాక్టర్ హూ’ అను ఆ ధారావాహికను చూచినవారికి ఆ ధ్వని చెవిలో నిలిచియే యుండును.

మా నలువదిమూడింటి సంగతి చెప్పక తప్పదు. గత నాలుగు సంవత్సరములలో మేము పూర్తిచేసిన పాటల ఫైళ్లను తెరచి, ఏ పాటలో ఏ వాద్యము వాడితిమో యొక పుస్తకమున వ్రాసికొంటిమి. పూర్తియైన పాటలు తొమ్మిది. వాటిలో వాడిన సింథసైజర్లు మూడు. తక్కిన నలువదియు ఏమి చేసినవనగా, మా సాయంకాలములను భక్షించినవి. ఒక్కొక్కదానిలో వందల కొలది ప్రీసెట్టు లుండును. బట్టల కొట్టులో చీరవెంట చీర విప్పించి, చివరకు ఏదియు నచ్చక లేచివచ్చినట్లు, మేమును ఒక్క నాదమునకై మూడు వాద్యములు తిరిగి, రాత్రి పదిగంటలకు కట్టిన బాణీయే మరచిపోయిన దినములు కలవు. గత సంవత్సరము బడి పిల్లలకై తలపెట్టిన పాట వార్షికోత్సవము నాటికి ముగియకపోవుటకు కారణమిదియే. ఆ దినమున పనులు తీరికలేకున్నవని సహోపాధ్యాయులతో చెప్పితిమి. అది పూర్తిగా నిజము కాదు.

మరియొక నష్టమును గలదు. ప్రతి సాఫ్ట్‌వేరును పోషింపవలసిన పశువు వంటిది. 2019లో ఆపిల్ కంప్యూటర్ల క్రొత్త వ్యవస్థ పాత 32 బిట్ల ప్రోగ్రాములను పనిచేయనీయక మానివేసినప్పుడు ఎందరి వాద్యములో మూగవోయినవి. మేమును కంప్యూటరు మార్చినప్పుడు పాత పాట యొకటి తెరువబోగా, అందలి ముఖ్యమైన నాదమును పుట్టించిన వాద్యము మేలుకొనలేదు. దానిని చేసినవారు ఆ పని మానుకొని చాలకాలమైనదట. పాట నేటికిని సగము మూగదే.

మేము శిక్షణ కళాశాలలో నున్నప్పుడు మా అధ్యాపకులొకరు పాఠోపకరణముల నన్నిటిని బల్లమీదనుండి తీసివేయించి, చేతికొక సుద్దముక్క నిచ్చి, “ఇప్పుడు చెప్పుము” అనెడివారు. అప్పుడు మాకది కఠినముగా తోచెను. ఇప్పుడు మా విద్యార్థికి మేము చేయదలచినదియు నదియే.

తెలుగు చెవికి మరియొక ముఖ్యవిషయము గలదు. మన సంగీతమునకు ప్రాణము గమకము. తోడి రాగమున గాంధారమును కదల్పక నిలిపినచో అది తోడి యని చెవి యొప్పుకొనదు. కీబోర్డు మెట్లు నిలుకడగా నుండునవి. వాటి ప్రక్కనున్న చిన్న చక్రమును ఎడమచేతితో త్రిప్పియే స్వరమును కదలింపవలెను. సాధారణముగా ఆ చక్రము ఇరువైపులను రెండేసి అర్ధస్వరముల మేరకే స్వరమును వంచునట్లు అమర్చబడియుండును. షడ్జమునుండి పంచమమునకు జారు వేయగోరినచో ఆ మేరను ఏడునకు పెంచుకొనవలెను. ఈ చిన్న సంగతి యెరుగక, “ఈ సింథసైజరులో మన రాగములు పలుకవు” అని మరియొకటి కొనువారిని చూచితిమి. లోపము చేతిలో నున్నది, పెట్టెలో లేదు. ఆకాశవాణివారు హార్మోనియమును 1940 మొదలు 1971 వరకు తమ కేంద్రములనుండి వెలివేయుటకు చెప్పిన కారణములలో అది గమకమును పలుకలేదనునది యొకటి. హార్మోనియమునకు చక్రము లేదు పాపము. మా బడి హార్మోనియమునకు రెండు వరుసల రీడులే; ఐనను దానిమీద పాట నేర్చుకొన్న బాలబాలికలు శ్రుతి తప్పక పాడుచున్నారు.

మా మాటకు ఎదురుమాట లేకపోలేదు. సినిమా సంగీతమువంటి వృత్తిలో నున్నవారికి దర్శకుడు, “ఆ పాటలో విన్నామే, అట్టి నాదము కావలెను, రేపు ఉదయమునకే” అనును. అట్టివారు పది, ఇరువది వాద్యములుంచుకొనుట వడ్రంగి పది ఉలులుంచుకొనుట వంటిది. అందుకు వారిని తప్పుపట్టము. ఇరువురు కలిసి పాట చేయునప్పుడు ఒకరి ఫైలు మరియొకరి యింట తెరచుకొనవలెనన్న ఇద్దరికిని ఒకే వాద్యముండక తప్పదు. కొందరికి క్రొత్త నాదము వినగానే క్రొత్త బాణీ తోచుననుటయు నిజమే. మాకును రెండుమారు లట్లు తోచినది. నలువదిమూడింటికి రెండుమారులు!

ఇక చెప్పుటకు సంకోచముగా నున్నను చెప్పవలసిన దొకటి. మేము వెల మాట యెత్తగానే ఆ బాలుడు తలవంచుకొని, “స్నేహితుడొకడు అన్నిటిని పెన్‌డ్రైవులో వేసి ఊరకనే యిచ్చెదనన్నాడండి” అనెను. తండ్రిగారి ముఖము ఒక్కక్షణము వికసించెను. ఊరకనే వచ్చుటయన నేమో ఆయనకు తెలియదు. తాళము విరిచిన ప్రతులవి. వాటివెంట కంప్యూటరును పాడుచేయు ప్రోగ్రాములు వచ్చుట కలదు. కాని మా యభ్యంతరము అది మాత్రమే కాదు. రేపు ఈ బాలుడు కట్టిన పాటను మరియొకడు అట్లే ఊరకనే తీసికొన్నచో ఇతడేమనును? ఈ ప్రశ్న వేసితిమి. బాలుడు బదులు చెప్పలేదు. దొంగిలింపక దొరకునవి లేకపోయిన కదా! సర్జ్ ఎక్స్‌టి మాట చెప్పియే యున్నాము. వేవ్‌టేబుల్ జాతిలో 2020లో వెలువడిన వైటల్ అను దానికి ఉచితమైన రూపము గలదు. డి.ఎక్స్.7 ననుకరించు డెక్సెడ్ పూర్తిగా ఉచితము.

చివరకు ఆ తండ్రిగారితో, ఈ సంవత్సరము సింథసైజరు ఒక్కటియు కొనవద్దనియు, కొనదలచినచో స్వరమును వంచు చక్రముగల చిన్న కీబోర్డును, మంచి హెడ్‌ఫోనును కొనుడనియు చెప్పితిమి. బాలుని ముఖము చిన్నబోయెను. ఆ కాగితమును మాత్రము మడిచి జేబులో పెట్టుకొనెను, పారవేయలేదు. మేమును ఆ వారములోనే మా కంప్యూటరునుండి ముప్పదియెనిమిది తీసివేసితిమి. ఐదు మిగిలినవి. అందొకటి మా లెక్కప్రకారము ఉండదగినది కాదు. ఐనను తీసివేయుటకు చేయి రాలేదు.

మొన్న శనివారము ఆ బాలుడు సర్జ్‌తో మాత్రమే చేసిన పాట యొకటి తెచ్చి వినిపించెను. పల్లవి బాగున్నది. రెండవ చరణమున బాసు మరీ బిగ్గరగా నున్నది. ఫిల్టరు కొంచెము దించుమని చెప్పి పంపితిమి.