ఒదిగెడి కిటికీ

మావారి తరగతి మార్కులకై పైథాను భాషలో, టికింటరు సహాయమున, నేనొక చిన్న కంప్యూటరు కిటికీని కట్టితిని. ప్రతి గడియు, ప్రతి బటనును ఎడమనుండి యిన్ని పిక్సెళ్లు, పైనుండి యిన్ని పిక్సెళ్లని 'ప్లేస్' పద్ధతితో కొలిచి నిలిపితిని. మా యింట ముచ్చటగనే యుండెను. పాఠశాల కంప్యూటరులో అక్షరములు పెద్దవి. అచట పేర్ల పట్టిక పెరిగి, క్రిందనున్న 'భద్రపఱచుము' అను బటనును కప్పివేసినది. అది కానరాకుండుటచే, తనంతట తానే భద్రమగునని తలంచి మావారు కిటికీని మూసిరి. 42 మంది బాలికల మార్కులు పోయినవి. ఆయన నన్నేమియు ననలేదు. అదియే నాకు మిక్కిలి బాధ.

పంక్తిలో మఱియొక యతిథి వచ్చినచో విస్తళ్లను జరుపుదుము గాని, నేలపై గీతలు గీసి కూర్చుండబెట్టుదుమా? 'గ్రిడ్' పద్ధతి యట్టిది. ఏ వస్తువు ఏ అడ్డువరుసలో, ఏ నిలువువరుసలో నుండవలెనో చెప్పిన చాలును. కొలతలు అదియే చూచుకొనును. అయితే వరుసల 'వెయిట్' మొదట సున్న. పట్టికయున్న వరుసకు మాత్రము 'రోకాన్‌ఫిగర్'తో 1 అని చెప్పి, పట్టికకు 'స్టిక్కీ'లో నాలుగు దిక్కులు నీయవలెను. అప్పుడు కిటికీ యెత్తు పెరిగినను తరిగినను ఆ మార్పును పట్టికయే భరించును. బటను వరుస యెత్తు మారదు. ఇది తెలియక రెండు దినములు కష్టపడితిని.

మార్కులన్నియు మరల నెక్కించితిమి. ఆయన చదువగా నేను వ్రాసితిని; ముగియునప్పటికి అర్ధరాత్రి దాటినది.