అమ్మాయి దొరికిందా?

మొన్న శ్రీరాంపూర్‌లో మా అక్కావాళ్లింట్లో ఉన్నాను. రాత్రి పన్నెండు దాటింది. కాలనీ అంతా గుర్రుపెట్టి నిద్రపోతోంది. నేను మాత్రం దుప్పటి కప్పుకుని 'సైకో' చదువుతున్నాను. అవునండీ, హిచ్‌కాక్ సినిమాకి మూలమైన నవలే! రాబర్ట్ బ్లాక్ రాసిన ఈ నవల 1959లో వచ్చింది. మరుసటి ఏడే సినిమా.

సినిమా చూసేశాక నవలెందుకంటారా? ముగింపు తెలిసి కూడా గుండె దడదడలాడిందంటే నమ్మండి! తెర మీద మేరియన్, పుస్తకంలో మేరీ. ఆఫీసులో తనకప్పగించిన 40,000 డాలర్లతో ప్రియుడి ఊరికి బయల్దేరుతుంది. దారిలో వాన... ఒక మోటెల్... అంతే, మాయం! అక్కడేమైందో చెప్పను. ఇంకా చూడని అదృష్టవంతులుంటారు. ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి వదలొద్దని హాళ్లవాళ్లకు హిచ్‌కాక్ షరతు పెట్టాడు. టార్చిలైటు వెలుగులో మన కాళ్లు తొక్కుకుంటూ వచ్చే మహానుభావులకి ఆ షరతు పెట్టాలి!

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఆ మోటెల్ కాదు, తర్వాత సాగే వెతుకులాట. డిటెక్టివ్ వస్తాడు, అతనికి కావలసింది డబ్బు. షెరీఫ్‌కి మోటెల్ యజమాని మాట మీదే గురి. ప్రియుడు శామ్ కాస్త ఓపిక పడదామంటాడు. మనిషి కోసం కాళ్లు కాలిన పిల్లిలా తిరిగేది చెల్లెలు లైలా ఒక్కతే.

అంతలో సెకండ్ షిఫ్టు నుంచి బావ వచ్చాడు.

"ఏంరా, ఇంక పండుకోలేదా?"

"ఒకమ్మాయి కనబడకుండా పోయింది బావా!"

"ఏడ?" అని ఉలిక్కిపడ్డాడు. పుస్తకం చూపిస్తే నవ్వాడు. అన్నం తింటూ కథంతా విని, "ఎన్ని దినాలకు అడిగిండ్రు ఆ పిల్లను?" అన్నాడు.

"ఓ వారం అయ్యాక."

"వారమా! మా బాయి మీద గట్ల కాదు."

బాయి దిగేముందు ల్యాంప్ రూంలో ఎవరి నంబరు దీపం వాళ్లు తీసుకుంటారు. షిఫ్టు దిగాక ఒక్క దీపం తిరిగి రాలేదా, ఆ నంబరు ఎవరిది, ఎక్కడ పనిచేస్తున్నాడు, చివర ఎవరు చూశారు అని అప్పటికప్పుడు వెతుకుతారు. వాడు మంచోడా చెడ్డోడా అని ఎవరూ అడగరట.

మేరీని మాత్రం ముందు డబ్బు గురించి అడిగారు. మన ఊళ్లలోనో? ఆడపిల్ల ఒక్క పూట కనబడకపోతే మొదటి ప్రశ్న "ఎవరితో పోయింది?" అనే! 2020లో శైలేష్ కొలను తీసిన 'హిట్'లో ప్రీతి ఔటర్ రింగ్ రోడ్డు మీద మాయమవుతుంది. విశ్వక్ సేన్ పోలీసు పాత్ర పట్టుకున్నది ల్యాంప్ రూం ప్రశ్నే: చివరిసారి చూసిందెవరు? నాకా సినిమా నచ్చింది అందుకే.

బావ చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"ఇంతకు దొరికిందా లేదా?"

నాకు తెలుసు. చెప్పలేదు.

"ఇంకా నలభై పేజీలుంది బావా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సదువు, పైకే సదువు!"